వందల రాత్రులు ఆడిన నాటకానికి 60 పౌండ్లు: డగ్లస్ జెరోల్డ్ గురించి మాట్లాడుకుందాం

పాతపేపర్ | శుక్రవారం రాత్రి

అందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా ఒకే మనిషి రాసినవీ, అతని గురించి రాసినవీ చదువుతున్నాను. పేరు డగ్లస్ జెరోల్డ్, ఇంగ్లిష్ నాటక రచయిత, పత్రికా రచయిత. 1803 జనవరి 3న లండన్‌లో పుట్టి, 1857 జూన్ 8న అక్కడే పోయాడు. శవపేటిక పక్కన నడిచినవాళ్లలో నవలా రచయితలు డికెన్స్, థాకరే ఉన్నారు. వాళ్లిద్దరి పేర్లూ నాకు డిగ్రీ రోజుల నుంచీ తెలుసు. ఇతని పేరు మాత్రం నలభై దాటాక విన్నాను. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

తండ్రి నాటకాల మనిషి. కెంట్ తీరంలో షీర్‌నెస్ అనే నౌకాదళ రేవులో థియేటర్ నడిపేవాడు. వచ్చే ప్రేక్షకుల్లో ఎక్కువమంది నావికులే. నెపోలియన్‌తో యుద్ధం జరిగినన్నాళ్లూ హాలు కళకళలాడింది. పిల్లవాడికి పదకొండేళ్లు నిండకుండానే, 1813 డిసెంబరులో, 'నేమర్' అనే కాపలా ఓడలో చేర్చారు. దాని కెప్టెన్ చార్లెస్ ఆస్టెన్, నవలలు రాసిన జేన్ ఆస్టెన్‌కు తమ్ముడు. తర్వాత 'ఎర్నెస్ట్' అనే చిన్న ఓడకు మారాడు. నెపోలియన్ ఓడిపోయిన వాటర్‌లూ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని ఇంగ్లండ్ చేర్చిన ఓడల్లో అదొకటి. పన్నెండేళ్ల కుర్రాడు ఆ మూలుగులు విన్నాడు. యుద్ధాన్ని ఎవరైనా పొగిడితే జీవితాంతం అతనికి ఒళ్లు మండేది.

శాంతి వచ్చాక నావికులు వెళ్లిపోయారు, థియేటర్ దివాలా తీసింది. 1816 మొదట్లో కుటుంబం లండన్ చేరింది. కుర్రాడు అచ్చాఫీసులో పనికి కుదిరాడు. 1821లో, పద్దెనిమిదేళ్లకే, తొలి నాటకం శాడ్లర్స్ వెల్స్ థియేటర్‌లో ఆడింది. 1825 నుంచి కోబర్గ్ థియేటర్‌లో వారానికి కొద్ది పౌండ్ల జీతానికి, మేనేజర్ అడిగినప్పుడల్లా నాటకం రాసి ఇచ్చే ఉద్యోగం.

నేను అడగాలనుకున్నది దీని తర్వాత జరిగిన సంగతి గురించి. 1829లో ఆ మేనేజర్‌తో గొడవపడి, రాతప్రతి చంకన పెట్టుకుని సర్రే థియేటర్ మేనేజర్ ఎలిస్టన్ దగ్గరికి వెళ్లాడు. ఆ ప్రతి పేరు 'బ్లాక్ ఐడ్ సూసన్'. జూన్ 8న తెర లేచింది. లండన్ మొత్తం ఎగబడింది. అదే ఏడాది కోవెంట్ గార్డెన్ అనే పెద్ద థియేటర్‌కూ వెళ్లింది. వందల రాత్రులు ఆడింది. ఎలిస్టన్ అప్పుల్లోంచి బయటపడ్డాడు. నావికుడి వేషం వేసిన టి.పి. కుక్ దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. రచయితకు అచ్చు హక్కులతో సహా వచ్చింది సుమారు 60 పౌండ్లు. పైగా ఎలిస్టన్ ఒకరోజు అతని భుజం తట్టి, నీ స్నేహితులంతా చందాలు వేసుకుని నీకో వెండి పళ్లెం బహూకరించకూడదా అన్నాడట!

నా ఉద్దేశం ఏమిటంటే, జెరోల్డ్ పత్రికల్లోకి వెళ్లింది రంగస్థలం అన్నం పెట్టకపోవడం వల్లే. మీరేమంటారు?

తెరవెనుక | శుక్రవారం రాత్రి

పాతపేపర్ గారూ, ఇది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇరవై రెండేళ్లుగా పరిషత్తు పోటీలకు నాటికలు రాస్తున్నాను. నా నాటిక ఒకటి పక్క జిల్లాలో వేరే సమాజం వాళ్లు ఆడి బహుమతి కూడా తెచ్చుకున్నారని ఒక వాట్సాప్ ఫొటో చూస్తే తెలిసింది. బ్యానర్ మీద నా పేరు లేదు. డబ్బు రాలేదని కాదు నా బాధ, ఒక్క ఫోన్ చేసి 'ఆడుకుంటాం గురువుగారూ' అంటే సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

అప్పట్లో అక్కడ చట్టం ఏమీ లేదా?

పాతపేపర్ | శుక్రవారం రాత్రి

తెరవెనుక గారూ, పుస్తకానికి కాపీహక్కు ఉండేది, ప్రదర్శనకు లేదు. నాటకం అచ్చయిందా, ఆ పుస్తకం కొనుక్కున్న ఏ థియేటరైనా రచయితకు చెప్పకుండా ఆడేసుకోవచ్చు. అచ్చు వేయకుండా దాచుకుంటే, ప్రేక్షకుల మధ్య షార్ట్‌హ్యాండ్ తెలిసినవాణ్ణి కూర్చోబెట్టి సంభాషణలు రాయించుకునేవాళ్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1737 చట్టం ప్రకారం లండన్‌లో అసలు సిసలు సంభాషణల నాటకం ఆడే హక్కు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ లాంటి రాజపత్రం ఉన్న హాళ్లదే. సర్రే, కోబర్గ్ చిన్న థియేటర్లు. అక్కడ పాటలు, సంగీతం కలపకుండా నాటకం వేయకూడదు. 'సూసన్' నిండా నావికుల పాటలు ఉండటానికి అదీ ఒక కారణం.

1832లో పార్లమెంటు ఒక విచారణ కమిటీ వేసింది. అధ్యక్షుడు ఎడ్వర్డ్ బుల్వర్, నవలా రచయిత. జెరోల్డ్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. తనకు వచ్చిన మొత్తం ఎంతో, అదే నాటకంలో నటుడికి కొద్ది రాత్రులకు వచ్చింది ఎంతో లెక్క చెప్పాడు. మరుసటి ఏడాదే, 1833లో, ప్రదర్శన హక్కు రచయితదేనని చట్టం వచ్చింది. చిన్న థియేటర్ల మీద ఆంక్ష తొలగడానికి మాత్రం 1843 దాకా పట్టింది.

కంపోజింగ్_మాస్టారు | శనివారం ఉదయం

నాయనా పాతపేపర్, నీ మాట సగమే ఒప్పుకుంటాను. తెనాలిలో ముప్పై ఏళ్లు చేతి కంపోజింగ్ చేసినవాణ్ణి. సీసపు అక్షరాలు ఉండే అరల పెట్టెను కేసు అంటాం, దాని ముందు నిలబడ్డ కుర్రాడికి పత్రిక రుచి ఎలా అంటుకుంటుందో నాకు తెలుసు.

జెరోల్డ్ ఒక ఆదివారం పత్రికలో కంపోజిటర్‌గా పనిచేసేవాడు. వెబర్ రాసిన 'డెర్ ఫ్రైషూట్జ్' అనే జర్మన్ ఆపెరా చూసి వచ్చి, రాత్రి కూర్చుని సమీక్ష రాసి, పేరు పెట్టకుండా ఎడిటర్ డబ్బాలో వేశాడు. మర్నాడు పొద్దున ఆ కాగితం కంపోజ్ చేయమని తెచ్చి అతని చేతిలోనే పెట్టారు! రాసింది ఎవరో గానీ ఇంకా పంపమని ఎడిటర్ కబురు కూడా దాంతోపాటే ఉంది.

తన వాక్యాన్ని తానే ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి స్టిక్కులో, అంటే చేతిలో పట్టుకునే పట్టీలో, పేర్చుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. కంపోజిటర్ అక్షరాలను తలకిందులుగా చదువుతాడు. ఒక్క మాట ఎక్కువైతే పంక్తి పట్టదు, మళ్లీ సర్దాలి. అనవసరమైన మాట అంటే చేతికే విసుగు పుడుతుంది. జెరోల్డ్ వాక్యాలు కత్తిలా పొట్టిగా, పదునుగా ఉండేవని అందరూ అంటారు కదా. ఆ పదును అతనికి కేసు దగ్గరే వచ్చిందని నా నమ్మకం. నాటకాల్లో లక్షలు వచ్చినా ఆ కుర్రాడు పత్రిక వదిలేవాడు కాదు.

కొత్తగా_చేరా | శనివారం మధ్యాహ్నం

అందరికీ నమస్తే. నేను ఎం.ఏ. విద్యార్థిని. అసలు 'బ్లాక్ ఐడ్ సూసన్' కథ ఏమిటో ఎవరైనా చెప్తారా? నల్ల కళ్ల సూసన్ అనే కదా?

పాతపేపర్ | శనివారం మధ్యాహ్నం

అవునమ్మా, నల్ల కళ్ల సూసనే. పేరు జాన్ గే రాసిన పాత పాటలోది.

విలియం అనే నావికుడు యుద్ధంలో, అతని భార్య సూసన్ డీల్ అనే రేవు ఊళ్లో. మేనమామే ఇంటి యజమాని. అద్దె బాకీ ఉందని ఆమెను గడప దాటించాలని చూస్తాడు. విలియం తిరిగొస్తాడు, నాలుగు మంచి రోజులు వచ్చాయనుకునేలోపు, తాగి ఉన్న ఒకడు సూసన్ మీద చెయ్యి వేస్తాడు. విలియం కత్తి దూసి కొడతాడు. పడ్డవాడు తన సొంత కెప్టెన్ క్రాస్‌ట్రీ అని కొట్టాకే చూస్తాడు.

నౌకాదళ యుద్ధ నియమాల్లో 22వది: పై అధికారి మీద చెయ్యి ఎత్తితే మరణశిక్ష. కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక విచారణలో, తోటి నావికులంతా విలియం మంచివాడని చెప్తారు. న్యాయమూర్తులకూ జాలిగానే ఉంటుంది. అయినా నియమం నియమమే. ఉరి ఖాయం. ఆఖరి క్షణంలో గాయపడ్డ కెప్టెన్ స్వయంగా ఒక కాగితం పట్టుకుని వస్తాడు. విలియంను నౌకాదళం నుంచి విడుదల చేసిన ఉత్తర్వు అది. దాని మీద తేదీ గొడవ జరగకముందుది. కొట్టినప్పుడు అతను నావికుడే కాదు, ఒక మామూలు భర్త!

ముగింపు తేలిగ్గా ఉందని కొందరంటారు. నాకలా అనిపించలేదు. మనిషి ప్రాణం ఒక తేదీ మీద ఆధారపడిందంటే ఆ చట్టం ఎలాంటిదో ప్రేక్షకుడికి అర్థమవుతుంది. చిన్నప్పుడు ఓడ మీద కొరడా దెబ్బలు చూసినవాడు రాసిన సీను అది.

లండన్_గుంటూరు | శనివారం రాత్రి

నేను పదిహేనేళ్లుగా లండన్‌లో ఉంటున్నా. ఈ కోబర్గ్ థియేటరే ఇప్పటి ఓల్డ్ విక్. వాటర్‌లూ స్టేషన్ నుంచి నడిచే దూరం. వారానికోసారి దాని ముందు నుంచే వెళ్తాను, ఇక్కడ ఒక కుర్రాడు వారం జీతానికి నాటకాలు రాశాడని ఇవాళే తెలిసింది. సర్రే థియేటర్ ఇప్పుడు లేదు.

కుక్ గురించి ఒక మాట. ఆయన నావికుడి వేషం వేయడానికి ముందు నిజంగానే నావికుడు. పది పన్నెండేళ్ల వయసులో నౌకాదళంలో ఉండి, 1797లో సెయింట్ విన్సెంట్ యుద్ధం చూశాడు. సర్రేలో కూర్చున్న నావికులు ఆ నడక, ఆ తాడు పట్టే తీరు చూసి తమవాడేనని గుర్తుపట్టి ఉంటారు. రాసినవాడూ ఓడ ఎక్కినవాడే, ఆడినవాడూ ఓడ ఎక్కినవాడే.

ఇంకోటి. 'నేమర్' ఓడ మీద జెరోల్డ్‌తో పాటు క్లార్క్‌సన్ స్టాన్‌ఫీల్డ్ అనే కుర్రాడు కూడా ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఓడ మీదే నాటకాలు వేసేవాళ్లు. తర్వాత ఎవరి దారి వారిది. 1832లో 'ది రెంట్ డే' రిహార్సల్‌కు జెరోల్డ్ డ్రూరీ లేన్‌కు వెళ్తే, అక్కడ తెరలు వేసే చిత్రకారుడిగా ఆ స్టాన్‌ఫీల్డే ఎదురయ్యాడు. ఇది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

వానచినుకు | శనివారం రాత్రి

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా ఇబ్బంది కూడా చెప్తాను. 1845లో 'పంచ్' అనే హాస్య పత్రికలో వచ్చిన 'మిసెస్ కాడిల్ పడకగది ఉపన్యాసాలు' ఆయనవే. దేశమంతా వారం వారం ఎదురుచూసి చదివింది అవే. పగలంతా బొమ్మల కొట్టులో పనిచేసిన భర్త రాత్రి పడుకోగానే భార్య సాధింపు మొదలు. అతను పాపం నిద్రపోవాలి. ఇదీ హాస్యం! పేదవాడి కోసం, నావికుడి కోసం అంత కోపం తెచ్చుకున్న మనిషికి ఇంట్లో ఆడదాని అలసట కనిపించలేదా?

మొదటి ఉపన్యాసం తీసుకోండి. భర్త స్నేహితుడికి ఐదు పౌండ్లు అప్పిచ్చాడు. ఆవిడ ఆ ఐదు పౌండ్లతో ఏమేం జరిగేవో ఏకరువు పెడుతుంది: పగిలిన కిటికీ అద్దం, కూతురి పళ్లకు వైద్యం, ఆడపిల్లల టోపీలు, ఇన్సూరెన్స్ వాయిదా. నెలాఖరులో ఇల్లు నడిపిన ఎవరికైనా అది సాధింపులా అనిపించదు. పద్దు చదువుతున్నట్టుంటుంది.

పాతపేపర్ | ఆదివారం ఉదయం

వానచినుకు గారూ, మీ మాట కాదనలేను. నవ్వించడానికే రాశాడు, పాఠకులు భర్త పక్షానే నవ్వారు. కానీ ఒక సంగతి చూడండి. 1835 ప్రాంతంలో జెరోల్డ్ ఒక స్నేహితుడి అప్పు పత్రం మీద హామీ సంతకం పెట్టాడు. స్నేహితుడు కట్టలేదు, అప్పులవాళ్లు ఇతని మీద పడ్డారు, పారిస్ వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది. అంటే స్నేహితుడికి డబ్బిచ్చి ఇల్లు గుల్ల చేసుకున్న మొగుడు స్వయంగా అతనే. భార్య మేరీతో 1824 నుంచీ కాపురం. ఆ పద్దు అతను ఎక్కడో విన్నదే అని నాకనిపిస్తుంది. అందుకే మిసెస్ కాడిల్ మాటల్లో అంత నిజం ఉంది.

ఇంకా ఒకటి. ఆ పుస్తకం మొత్తం ఆవిడ పోయాక కాడిల్ గుర్తు చేసుకుని రాసినట్టుగా ఉంటుంది. ఆ గొంతు లేక అతనికి నిద్ర పట్టదు.

వానచినుకు | ఆదివారం ఉదయం

పారిస్ సంగతి తెలియదు. ఇప్పుడు మళ్లీ చదువుతాను. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది, ఎందుకంటే ఆవిడ బతికుండగా ఒక్క వారమైనా భర్త 'నువ్వన్నది నిజమే' అనలేదు. గొడుగు ఎవరికో ఇచ్చేశాడని ఆవిడ గోల పెట్టే భాగమే అన్నిటికన్నా పేరు పొందింది. బయట వర్షం, పిల్లలు బడికి వెళ్లాలి. నాకైతే ఆవిడ మీద నవ్వు రాలేదు.

తెరవెనుక | ఆదివారం ఉదయం

వానచినుకు అమ్మా, మీరు చెప్పిన పద్ధతిలో, ఆవిడ పక్షాన ఆడితే అదే మంచి ఏకపాత్ర అవుతుంది. రాయండి. ఆడే అమ్మాయిని నేను చూస్తాను.

కంపోజింగ్_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం

'పంచ్' మొదలైంది 1841 జులైలో. మొదటి నెలల నుంచే జెరోల్డ్ అందులో ఉన్నాడు. 'క్యూ' అనే ఒక్క అక్షరం సంతకంతో రాసినవి చదివితే మిసెస్ కాడిల్ రాసింది ఇతనేనా అనిపిస్తుంది. భూస్వాముల మీద, బిషప్పుల మీద, పేదవాణ్ణి చిన్న నేరానికి జైల్లో వేసే మేజిస్ట్రేట్ల మీద నిప్పులు చెరిగాడు. 1851 అంతర్జాతీయ పారిశ్రామిక ప్రదర్శన కోసం హైడ్ పార్కులో కట్టిన గాజు భవనానికి 'క్రిస్టల్ ప్యాలెస్' అన్న పేరు స్థిరపడటానికి కారణం కూడా 1850లో పంచ్‌లో ఇతను వాడిన మాటే.

తన పేరు మీదే ఒక షిల్లింగు మాసపత్రిక, ఒక వారపత్రిక పెట్టాడు. రెండూ 1848 దాటలేదు. నాలాంటి అచ్చాఫీసు మనిషికి ఇది కొత్త కాదు. రాయడం వేరు, కాగితం బిల్లు కట్టడం వేరు.

1852లో ఎడ్వర్డ్ లాయిడ్ తన 'లాయిడ్స్ వీక్లీ'కి ఏడాదికి 1000 పౌండ్ల జీతం మీద ఎడిటర్‌గా తీసుకున్నాడు. కూలివాళ్లు, చిన్న దుకాణదారులు చదివే ఆదివారం పత్రిక. 'సూసన్' మొత్తానికి 60, ఇక్కడ ఏడాదికి 1000! పాతపేపర్ నాయనా, ఈ లెక్క దగ్గర నీ వాదన గెలిచింది, ఒప్పుకుంటున్నా. 1856లో లాయిడ్ అమెరికా నుంచి హో కంపెనీ రోటరీ అచ్చు యంత్రం తెప్పించాడు, పాత యంత్రాలతో అంత పాఠకుల్ని అందుకోలేక.

1853లో హంగరీ నాయకుడు కొషూత్‌కు షేక్‌స్పియర్ సంపుటాలు బహూకరించాలని జెరోల్డ్ చందా ఎత్తాడు. ఒక్కొక్కరి దగ్గర పెన్నీ చొప్పున. కొషూత్ జైల్లో షేక్‌స్పియర్ చదివి ఇంగ్లిష్ నేర్చుకున్నవాడు మరి.

కొత్తగా_చేరా | ఆదివారం మధ్యాహ్నం

నాటకం, పత్రిక, సొంత ప్రెస్సు అనగానే నాకు కందుకూరి వీరేశలింగం గారు గుర్తొచ్చారు. ఆయన కూడా విక్టోరియా కాలం వారే కదా. 1874లో 'వివేకవర్ధని' పెట్టారు. కోర్టుల్లో జరిగే మోసాల మీద రాసిన 'వ్యవహార ధర్మబోధిని'ని 1880లో రాజమండ్రిలో ఆడించారు. పోలిక సరైనదేనా?

పాతపేపర్ | ఆదివారం సాయంత్రం

చాలా మంచి పోలికమ్మా. ఇద్దరికీ నాటకం, పత్రిక ఒకే పనికి రెండు చేతులు. తేడా ఏమిటంటే వీరేశలింగం గారు నాటకంతో బతకాలనుకోలేదు, పంతులుగా జీతం ఉండేది. జెరోల్డ్‌కు ప్రతి వాక్యమూ ఇంటి ఖర్చే. నువ్వు దీని మీద డిసర్టేషన్ చేస్తే మొదటి పాఠకుణ్ణి నేనే.

లండన్_గుంటూరు | ఆదివారం సాయంత్రం

డికెన్స్‌తో స్నేహం గురించి ఎవరూ రాయలేదు. 1845లో డికెన్స్ బృందం బెన్ జాన్సన్ నాటకం వేసినప్పుడు జెరోల్డ్ మాస్టర్ స్టీఫెన్ వేషం కట్టాడు. 1849లో హత్య కేసులో దోషులైన మానింగ్ దంపతుల ఉరి చూసిన డికెన్స్, ఉరి జనం ముందు వద్దు, జైలు గోడల లోపల వేయండి అని రాశాడు. జెరోల్డ్ ఒప్పుకోలేదు. గోడల వెనక దాచేస్తే ఉరిశిక్షే శాశ్వతమవుతుంది, మొత్తంగా తీసేయాలి అన్నాడు. విలియంను ఉరి నుంచి తప్పించినవాడు అలా కాక ఎలా అంటాడు?

తర్వాత ఒక దశలో ఇద్దరికీ నెలల తరబడి మాటల్లేవు. ఒకరోజు ఒక క్లబ్బు భోజనాల గదిలో, వేరువేరు బల్లల దగ్గర, వీపు వీపు ఆనేంత దగ్గరగా కూర్చున్నారు. డికెన్స్ పలకరించలేదు. జెరోల్డ్ ఉన్నట్టుండి కుర్చీ వెనక్కి తిప్పి, రెండు చేతులూ చాచి, మళ్లీ స్నేహితులమవుదాం, ఇలా ఉండటానికి ఆయుష్షు సరిపోదు అన్నాడు. దీన్ని డికెన్సే, జెరోల్డ్ పోయాక, అతని కొడుక్కి రాశాడు.

జెరోల్డ్ కుటుంబానికి ఏమీ మిగల్లేదని తెలిసి, డబ్బు పోగు చేయడానికి డికెన్స్ నడుం కట్టాడు. తన రచన జనానికి చదివి వినిపించాడు, థాకరే ప్రసంగించాడు, 'ది ఫ్రోజెన్ డీప్' నాటకం లండన్‌లో, మాంచెస్టర్‌లో ఆడారు. 2000 పౌండ్ల దాకా పోగైంది. సమాధి వెస్ట్ నార్‌వుడ్‌లో ఉంది. వచ్చే శనివారం వెళ్లి ఫొటో పెడతాను.

తెరవెనుక | ఆదివారం రాత్రి

పోయిన తేదీ జూన్ 8, 'సూసన్' తెర లేచిన తేదీ కూడా జూన్ 8. ఇప్పుడే గమనించాను. 28 ఏళ్లు.

పాతపేపర్ గారూ, కోర్టు మార్షల్ సీను తెలుగులోకి తెస్తే మా కుర్రాళ్లతో చదివించి చూస్తాను. కానీ విలియం ప్రతి మాటా ఓడ భాషలోనే ఉంటుందట. అదెలా?

పాతపేపర్ | ఆదివారం రాత్రి

అనువాదం మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. భార్య గురించి చెప్పినా, దేవుడి గురించి చెప్పినా తెరచాప, లంగరు, గాలి వాలు తప్ప వేరే మాట రాదతనికి. మామూలు పుస్తక భాషలో పెడితే మనిషి చచ్చిపోతున్నాడు.

కంపోజింగ్_మాస్టారు | ఆదివారం రాత్రి

మా మేనమామ కాకినాడ రేవులో కళాసీ. సరంగు కేకేస్తే తాళ్లు ఎలా లాగేవాళ్లో, గాలి తిరిగితే ఏమనేవాళ్లో ఇప్పటికీ చెప్తాడు. తొంభై దగ్గర పడుతున్నా గొంతు గట్టిదే. నీకు తెలుగు దొరకని మాటలన్నీ ఒక కాగితం మీద రాసి పంపు నాయనా. బుధవారం వాళ్లింటికి వెళ్తున్నాను, దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకొస్తాను.

పాతపేపర్ | ఆదివారం రాత్రి

మాస్టారూ, రాత్రికే పంపుతున్నాను. 43 మాటలు ఉన్నాయి. మొదటిది, ఓడ మీద నుంచి తీరం కనపడగానే పైన కొయ్య ఎక్కినవాడు వేసే కేక. అది ముందు అడగండి.